చేతిపనుల ప్రదర్శనలో మీ స్టాల్: దరఖాస్తు నుంచి లెక్క తేల్చుకునేదాకా

నడుస్తూ వచ్చిన మనిషి మీ టేబుల్ ముందు ఆగుతారు. చూపు ఒక వస్తువు మీద నిలుస్తుంది. చెయ్యి లేస్తుంది, గాల్లో ఒక్క క్షణం తటపటాయిస్తుంది, ఆ తర్వాత వస్తువును అందుకుంటుంది, లేదా మళ్లీ జేబులోకి వెళ్లిపోతుంది. చేతిపనుల ప్రదర్శనలో అమ్మకమంతా ఆ క్షణం చుట్టూనే తిరుగుతుంది. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి కొంటారు, ఇక్కడ పట్టుకుని చూసి కొంటారు. అందుకే స్టాల్ ఎలా సర్దాలి, ధర ఎక్కడ రాయాలి, ఎక్కడ నిలబడాలి, ఏం మాట్లాడాలి అని సందేహం వచ్చిన ప్రతిసారీ నేను ఒకటే ప్రశ్న వేసుకుంటాను: ఆ చెయ్యి వస్తువును అందుకోవడానికి అడ్డేమిటి?

నేను నోటు పుస్తకాలు చేత్తో కుట్టి అమ్ముతాను, కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా పుస్తకాల నుంచే వస్తాయి. మీవి మట్టిపాత్రలైనా, సబ్బులైనా, అల్లికలైనా, చెక్క బొమ్మలైనా పద్ధతి ఇదే.

ముందు కొనేవాళ్లలా వెళ్లి రండి

స్టాల్‌కు డబ్బు కట్టకముందే ఆ ప్రదర్శనను ఒకసారి చూడండి. అది ఏడాదికోసారి జరిగేదైతే అదే నిర్వాహకులు పెట్టే మరో ప్రదర్శనకైనా వెళ్లండి. జనం ఎంతమంది వచ్చారన్నది చూసి పొంగిపోవద్దు. బయటికి వెళ్లే దారి దగ్గర పావుగంట నిలబడి, తిరిగి వెళ్తున్నవాళ్లలో ఎందరి చేతుల్లో సంచులున్నాయో లెక్కపెట్టండి. కాలక్షేపానికి వచ్చే జనానికి, కొనడానికి వచ్చే జనానికి తేడా అక్కడే తెలుస్తుంది.

లోపల ఇంకో రెండు చూడాలి. మీలాంటి సరుకు ఎన్ని స్టాళ్లలో ఉంది? టోకున కొనుక్కొచ్చిన ఫ్యాక్టరీ సరుకును కూడా పక్కపక్కనే పెట్టనిస్తున్నారా? పెట్టనిస్తుంటే నేను ఆ ప్రదర్శనకు వెళ్లను. గంటన్నర కుట్టిన పుస్తకాన్ని యంత్రం మీద నిమిషంలో వచ్చిన పుస్తకం పక్కన పెడితే, చూసేవాళ్లకు ముందు కనబడేది ధరలో తేడానే. గిరాకీ లేని సమయం చూసి ఒకరిద్దరు అమ్మకందార్లను పలకరించండి. “అమ్మకాలు ఎలా ఉన్నాయి?” అని అడిగితే మొహమాటానికి బాగున్నాయంటారు. “వచ్చేసారి కూడా ఇక్కడే పెడతారా?” అని అడగండి, అసలు మాట చెబుతారు.

దరఖాస్తు

కొన్ని ప్రదర్శనల్లో ముందొచ్చిన వాళ్లకు ముందు స్థలం ఇస్తారు. మరికొన్నిట్లో ఎంపిక సంఘం ఫొటోలు చూసి నిర్ణయిస్తుంది. అలాంటిచోట సాధారణంగా వస్తువుల ఫొటోలతో పాటు స్టాల్ ఫొటో కూడా అడుగుతారు. ఇంతవరకు స్టాల్ పెట్టకపోతే ఇంట్లోనో ఆరుబయటో టేబుల్ వేసి, నిజంగా అమ్మకానికి కూర్చుంటున్నట్టే సర్ది ఫొటో తీయండి. వస్తువుల ఫొటోలన్నిటికీ వెనక ఒకే రంగు ఉంచండి, కిటికీ పక్క వెలుతురులో తీయండి. అన్నీ ఒకే చేతి పని అని తెలియాలి.

షరతుల కాగితం పూర్తిగా చదవండి. అద్దె మాత్రమేనా, అమ్మకాల్లో వాటా కూడా తీసుకుంటారా? స్థలం కొలతెంత? టేబుల్, కుర్చీ, కరెంటు వాళ్లిస్తారా? వర్షం వచ్చి ప్రదర్శన ఆగిపోతే డబ్బు తిరిగొస్తుందా? సరుకు దించుకోవడానికి బండి ఎంత దగ్గరగా రానిస్తారు? తాత్కాలికంగా అమ్ముకోవడానికి అనుమతి, పన్ను నమోదు, బీమా లాంటివి కావాలా అన్నది చోటును బట్టి మారుతుంది. నిర్వాహకుల నుంచి రాతపూర్వకంగా తెలుసుకోండి.

ధర కట్టడం

చాలామంది తడబడేది ఇక్కడే. ముడిసరుకు ఖర్చుకు కాస్త కలిపి ధర చెప్పేస్తారు. సొంత సమయానికి విలువ కట్టరు. అలా అయితే ఎంత ఎక్కువ అమ్మితే అంత ఎక్కువ ఉచితంగా పని చేసినట్టు.

ముందు సమయం కొలవండి. నేను గడియారం పెట్టుకుని కొలిచేదాకా ఒక పుస్తకానికి ముప్పావు గంట పడుతుందనుకునేదాన్ని. కాగితం కోయడం, మడవడం, ఆరెతో బెజ్జాలు వేయడం, దారానికి మైనం పట్టించడం, కుట్టడం, అట్టకు గుడ్డ అంటించడం, చివర్న చుట్టి పెట్టడం అన్నీ కలిపితే గంటన్నర తేలింది. నేను లెక్కేసుకున్నది కుట్టు ఒక్కటే.

ఇప్పుడు లెక్క చూద్దాం. అంకెలు ఏ డబ్బులోనైనా ఒకటే అనుకోండి. ముడిసరుకు 80. గంటకు 100 చొప్పున గంటన్నర కూలి 150. సూదులు, కత్తులు, కరెంటు, పాడైపోయే కాగితం లాంటి వాటికి 20. మొత్తం 250. ఇది ధర కాదు, ఖరీదు, అంటే తయారీకి మీకైన ఖర్చు. 250కే అమ్మితే మీకు కూలి వచ్చింది, అంతే. స్టాల్ అద్దె, దారి ఖర్చు, రోజంతా నిలబడినందుకు ఏమీ మిగల్లేదు. అందుకే చేతిపనివాళ్లలో చాలామంది ఖరీదుకు రెట్టింపు వేస్తారు, అంటే 500. దుకాణాలకు టోకున కూడా ఇవ్వాలనుకుంటే ఖరీదుకు రెట్టింపు టోకు ధర, దానికి రెట్టింపు చిల్లర ధర అన్నది ఇంకో వాడుక లెక్క. రెండూ సూత్రాలే తప్ప శాసనాలు కావు. మీ సరుకుకు పట్టే గంటలను బట్టి మార్చుకోండి.

అద్దె 2,000, దారి ఖర్చు 500 అయ్యాయనుకుందాం. పుస్తకానికి ఖరీదు పోను 250 మిగులుతుంది కాబట్టి పది పుస్తకాలు అమ్మితే ఆ ఖర్చులు తీరతాయి. తొమ్మిది గంటలు నిలబడ్డారు, దాని కూలి 900. దానికి మరో నాలుగు అమ్మాలి. పద్నాలుగో పుస్తకం అమ్మేదాకా మీకు లాభం మొదలు కాదు. ప్రదర్శనకు ఒప్పుకునే ముందే ఈ అంకె కాగితం మీద రాసుకోండి. పద్నాలుగు అమ్ముడవుతాయన్న నమ్మకం లేకపోతే ఆ అద్దె మీకు ఎక్కువన్నమాట.

లెక్క గిట్టకపోతే కూలి తగ్గించుకోవద్దు, వస్తువును మార్చండి. నా పుస్తకాల్లో మొదట పదేసి ఫారాలు ఉండేవి. ఫారం అంటే కలిపి మడిచిన కాగితాల కట్ట. ఒక్కో ఫారంలో కాగితాలు పెంచి ఏడు ఫారాలకు కుదించాను. పేజీలు దాదాపు అన్నే ఉన్నాయి, కుట్టాల్సిన వరసలు మూడు తగ్గాయి. పుస్తకం ఇంకా చక్కగా తెరుచుకుంటోంది. ప్రతి పనిలోనూ ఇలా తగ్గించుకునే చోటు ఒకటి ఉంటుంది. పదేసి వస్తువులకు ఒకే పని ఒక్కసారే చేసుకుపోయినా సమయం కలిసొస్తుంది.

ఒకే ధరలో అన్నీ పెట్టొద్దు. ఆలోచించకుండా కొనగలిగే చిన్నవి కొన్ని, మీకు అసలు తిండి పెట్టే మధ్యస్థాయివి ఎక్కువ, పనితనమంతా చూపించే పెద్దది ఒకటో రెండో. ఆ పెద్దది అమ్ముడు కాకపోయినా మనుషులను టేబుల్ దాకా లాక్కొస్తుంది.

సరుకు తయారీ: తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి

కొన్ని వస్తువులు చేయడం అయిపోయినా అమ్మడానికి సిద్ధం కావు. వేడి చేయని పద్ధతిలో చేసిన సబ్బు 4 నుంచి 6 వారాలు ఆరాలి. సోయా మైనపు కొవ్వొత్తిని ఒకటి రెండు వారాలు పక్కన ఉంచితే వాసన బాగా పడుతుంది. మట్టిపాత్రలను తొందరపడి ఆరబెడితే పగుళ్లొస్తాయి, మెరుగు, అంటే గాజులాంటి పూత, పూసేవైతే సాధారణంగా రెండుసార్లు కాల్చాలి. ప్రదర్శన తేదీ దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కేస్తే, పని మొదలుపెట్టాల్సిన రోజు మీరనుకున్న దానికంటే చాలా ముందే ఉంటుంది.

ఎంత సరుకు పట్టుకెళ్లాలి? అద్దెకు పది రెట్లు అమ్మకం రావాలన్నది స్టాళ్లు పెట్టేవాళ్ల మధ్య నలిగిన మాట. పై లెక్కలో అది 20,000, అంటే నలభై పుస్తకాలు. నేను దానికి రెట్టింపు, ఎనభై దాకా పట్టుకెళ్తాను. సగం అమ్ముడయ్యాక కూడా టేబుల్ నిండుగా ఉండాలి. మిగిలిపోయిన నాలుగు ముక్కల్లోంచి ఏరుకోవడానికి ఎవరికీ మనసొప్పదు.

సరుకుతో పాటు చీటీలు కూడా సిద్ధం చేయండి. సబ్బుకు, ఒంటికి రాసుకునే వాటికి ఏమేం కలిపారో రాయాలి. చెవి కమ్మలకు లోహం పేరు రాయండి, నికెల్ పడనివాళ్లు చాలామంది ఉంటారు. ఊడిపోయే చిన్న భాగాలున్న బొమ్మలు 3 ఏళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడదు, గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉంది. తినడానికి వాడే పాత్ర అయితే మెరుగులో హాని చేసేవి లేవని మీకు ఖాయంగా తెలియాలి. ఇక సినిమా బొమ్మలు, కార్టూన్ పాత్రలు, కంపెనీల గుర్తులు అనుమతి లేకుండా వేసి అమ్మడం తప్పు. మీకంటూ ఒక బొమ్మ, ఒక రంగుల వరస ఉండగా అరువు తెచ్చుకోవడం ఎందుకు?

ఇంట్లోనే ఒకసారి స్టాల్ వేయండి

నేల మీద టేపు అంటించి స్థలం కొలత గీయండి. ఆరుబయట సాధారణంగా ఇచ్చేది 10 అడుగుల చదరం, అంటే పొడవూ వెడల్పూ దాదాపు 3 మీటర్లు. హాల్లో అయితే తరచుగా ఒక 6 అడుగుల టేబుల్ అంత చోటే. అందులో మీరు నిలబడటానికి, ఖాళీ పెట్టెలు దాచడానికి కూడా చోటు కావాలి.

మామూలు టేబుల్ ఎత్తు 75 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. అది కూర్చునేవాళ్ల కోసం చేసింది. నిలబడిన మనిషి దాని మీది వస్తువును అందుకోవాలంటే వంగాలి. టేబుల్ కాళ్లకు గట్టి గొట్టపు ముక్కలు తొడిగి 90 సెంటీమీటర్ల దాకా లేపండి. ఎంత తేడానో మీరే చూస్తారు. అన్నీ పరిచినట్టు పెట్టకుండా వెనక వరస చెక్కపెట్టెల మీద కంటి ఎత్తుకు లేవాలి, ముందు వరస చేతికి అందాలి. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకు, పిల్లలకు అందేలా ఒక పక్క తక్కువ ఎత్తులో కొన్ని ఉంచండి. టేబుల్ మీది గుడ్డ ఒకే రంగుది, ముందువైపు నేలను తాకేంత పొడవుది అయితే కింద పెట్టెలు కనబడవు.

మరీ పొందికగా కూడా సర్దొద్దు. మొదట్లో నా పుస్తకాలు గీత గీసినట్టు పేర్చేదాన్ని. జనం చూసి మెచ్చుకుని వెళ్లిపోయేవాళ్లు. చెదిరిపోతాయని ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు. ఇప్పుడు అంచు దగ్గర ఒక పుస్తకం తెరిచి, పక్కన కలం పెడతాను, “రాసి చూడండి” అని చిన్న చీటీతో. నా పుస్తకాలది కాప్టిక్ కుట్టు, వీపు మీద దారం జడలా బయటికే కనబడుతుంది, ఎక్కడ తెరిచినా పేజీలు బల్లపరుపుగా పడుకుంటాయి. మామూలు పుస్తకం అలవాటు కొద్దీ వాళ్లు మధ్యలో అరచేత్తో నొక్కబోతారు. నొక్కాల్సిన అవసరం రాదు. ఒకసారి ముడుస్తారు, మళ్లీ తెరుస్తారు, బొటనవేలు వీపు మీది దారం వెంట జరుగుతుంది. ఆ సమయంలో నేను మాట్లాడను. మీ వస్తువులో కూడా చేతికి మాత్రమే తెలిసే గుణం ఒకటి ఉంటుంది: కప్పు పిడి బరువు, శాలువా మెత్తదనం, చెక్క నునుపు. దాన్ని తాకి చూసేందుకు విడిగా ఒకటి పెట్టండి.

ధర ప్రతి వస్తువు మీదా ఉండాలి, తిప్పకుండానే కనబడాలి. నేను ఒక ప్రదర్శనలో వెనక అట్ట లోపల పెన్సిలుతో రాసి పెట్టాను, ముందు రాస్తే అందం పోతుందని. పుస్తకం తీసుకున్నవాళ్లు ముందూ వెనకా తిప్పి, ధర దొరక్క పెట్టేసి వెళ్లిపోయారు. చాలామందికి ధర అడగడం మొహమాటం. అడిగాక కొనకుండా వెళ్లడం ఇంకా మొహమాటం. ఆ ఇబ్బంది వాళ్లకు రానివ్వొద్దు.

బోర్డు మీద అక్షరాలకు ఒక సులువైన కొలత ఉంది: 10 అడుగుల దూరం నుంచి హాయిగా చదవాలంటే అక్షరం ఎత్తు ఒక అంగుళం. 30 అడుగుల నుంచి పిలవాలంటే 3 అంగుళాలు. మీ పేరు కంటే మీరు చేసేదేమిటో పెద్దగా రాయండి. బోర్డు టేబుల్ ముందు వేలాడదీస్తే నలుగురు నిలబడగానే కనబడదు, కాబట్టి తల కంటే ఎత్తులో కట్టండి.

హాలు లోపలైతే దీపాలు తప్పనిసరి. బ్యాటరీతో నడిచే ఎల్‌ఈడీలు చాలు. డబ్బా మీద 2,700 నుంచి 3,000 కెల్విన్ అని ఉంటే వెచ్చటి వెలుతురు. రంగులు నిజంగా కనబడాలంటే సీఆర్ఐ (రంగులు ఎంత నిజంగా కనబడతాయో చెప్పే అంకె) 90 దాటినవి తీసుకోండి. నూలు, గాజు, రంగుల పని చేసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

ఆరుబయటైతే టెంటుకు బరువు కట్టడం అన్నిటికంటే ముందు పని. ఒక్కో కాలికి 18 కిలోలకు తగ్గకూడదు. 20 లీటర్ల డబ్బాను నీళ్లతో నింపితే 20 కిలోలు, ఖాళీగా తీసుకెళ్లి అక్కడే నింపుకోవచ్చు. టెంటు పైమూల నుంచి తాడుతో బిగించి, డబ్బా నేలకు ఆనేలా కట్టండి. ఒకసారి 5 కిలోల ఇసుక సంచులు చాలనుకున్నాను. మధ్యాహ్నం వచ్చిన గాలికి నా టెంటు లేచి పక్క స్టాల్ టేబుల్ మీద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, కానీ ఆ స్టాల్ ఆమె నెల రోజుల గాజు పని పగిలిపోయింది. డబ్బు నేను కట్టాను, పోయిన పని మాత్రం తిరిగి రాలేదు. గాలి బాగా పెరిగితే బరువులను నమ్ముకోకుండా టెంటు దించేయండి.

ఇలా సర్దాక బయటివాళ్లను ఎవరినైనా పిలిచి టేబుల్ ముందు నిలబెట్టండి. వాళ్ల చెయ్యి ముందు దేని మీదికి వెళ్లిందో చూడండి. ఒక ఫొటో తీసి పెట్టుకుంటే ప్రదర్శన రోజు పొద్దున తడుముకోకుండా సర్దేయొచ్చు.

వెంట ఉండాల్సినవి

ముందురోజు రాత్రి ఒక పెట్టెలో ఇవి పడేయండి:

- చిన్న నోట్లు, నాణేలు కలిపి చిల్లర, నడుముకు కట్టుకునే డబ్బు సంచి
- క్యూఆర్ కోడ్ అచ్చు కాగితం, కార్డు యంత్రం, పూర్తిగా ఛార్జి చేసిన పవర్ బ్యాంకు
- రసీదు పుస్తకం, రెండు కలాలు, ఖాళీ ధర చీటీలు
- కత్తెర, టేపు, తాడు, క్లిప్పులు, సూది దారం, మీ వస్తువును బాగుచేసే జిగురు
- వాన వస్తే సరుకు మీద కప్పడానికి ప్లాస్టిక్ పట్టా
- చుట్టడానికి కాగితం, సంచులు
- నీళ్లు, చేతులకు అంటని తిండి

డబ్బు పెట్టె టేబుల్ మీద ఉంచి వెనక్కి తిరగొద్దు. జనం పెరిగితే ఫోన్ సిగ్నల్ బలహీనపడుతుంది, కాబట్టి సిగ్నల్ లేకపోతే ఏం చేయాలో ముందే అనుకోండి.

అమ్మకం రోజు

తలుపులు తెరవడానికి అరగంట ముందే సర్దడం పూర్తికావాలి. అప్పుడు వెళ్లి పక్క స్టాళ్లవాళ్లను పలకరించండి. మీరు కాస్త పక్కకు వెళ్లినప్పుడు టేబుల్ చూసిపెట్టేది వాళ్లే.

టేబుల్ వెనక కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటే స్టాల్ మూసేసినట్టే. అలాగని ఎదురుగా నిలబడి కళ్లార్పకుండా చూస్తే కాపలా కాస్తున్నట్టుంటుంది. ఒక పక్కగా నిలబడి చేతిలో పని పెట్టుకోండి. నేను కుడుతూ ఉంటాను. పని జరుగుతుంటే మనుషులు తమంత తామే ఆగుతారు. మీ కళ్లు పని మీద ఉంటాయి కాబట్టి నిదానంగా చూసుకునే వీలు వాళ్లకు దొరుకుతుంది.

“ఏం కావాలండీ?” అని అడిగితే వచ్చే జవాబు “ఊరికే చూస్తున్నాం”. దాంతో మాట ముగిసిపోతుంది. నమస్కారం చెప్పి ఊరుకోండి. వస్తువు చేతిలోకి తీసుకున్నాక దాని గురించి ఒక్క వాక్యం చెప్పండి: “దారానికి మైనం నేనే పట్టిస్తాను, అందుకే జారదు.” మిగతాది వాళ్లు అడిగితే చెప్పొచ్చు.

“ఇది నేనూ చేసుకోగలను” అని ఎవరో ఒకరు అంటారు. నొచ్చుకోవద్దు. వాళ్లకు పని మీద ఇష్టం ఉంది. “మీరు కూడా కుడతారా?” అని అడిగి చూడండి, పని విలువ తెలిసిన మనిషి చివరికి కొనే అవకాశమే ఎక్కువ. బేరానికి మాత్రం జవాబు ఇంటి దగ్గరే తేల్చుకుని రండి. నేను ఒక్కదానికి తగ్గించను, మూడు తీసుకుంటే చిన్నది ఒకటి కలుపుతాను. పొద్దున 500 ఇచ్చి కొన్నవాళ్లు సాయంత్రం అదే వస్తువు 300 ఉండటం చూస్తే రెండోసారి మీ దగ్గరికి రారు.

బోణీ ఆలస్యమైందని కంగారు పడొద్దు. మొదటి గంటలో చాలామంది ఒక చుట్టు తిరిగి చూస్తారు, కొనేది రెండో చుట్టులో. అదే కారణంతో చివరి గంటలో మూటలు కట్టడం మొదలుపెట్టొద్దు. పొద్దున మీ దగ్గర ఒక వస్తువు పట్టుకుని పెట్టేసిన మనిషి దాని కోసమే తిరిగొచ్చేసరికి మీ టేబుల్ ఖాళీగా ఉండకూడదు.

ఎవరైనా ప్రత్యేకంగా చేసివ్వమంటే నోటిమాటతో ఒప్పుకోవద్దు. కొలత, రంగు, ధర, ఇచ్చే తేదీ రసీదు పుస్తకంలో రాసి, సగం డబ్బు ముందు తీసుకుని, నకలు చేతికివ్వండి. తేదీ చెప్పేటప్పుడు మీరనుకున్న దానికి ఒక వారం కలపండి.

తిరిగొచ్చాక

ఒళ్లు అలిసిపోయి ఉంటుంది, అయినా డబ్బు లెక్కతో పాటు ఇంకో లెక్క ఆ రాత్రే రాసుకోవాలి. తెల్లారితే మర్చిపోతారు. ఒక కాగితం మీద మూడు గడులు గీయండి. ఎవరూ ముట్టుకోనివి. ముట్టుకుని పెట్టేసినవి. అమ్ముడైనవి. స్టాల్‌లో ఉన్నప్పుడే ధర చీటీల వెనక చిన్న గీతలు పెట్టుకుంటూ ఉంటే ఇది సులువు.

ఎవరూ ముట్టుకోలేదంటే తప్పు వస్తువుది కాకపోవచ్చు, పెట్టిన చోటుది. వచ్చేసారి దాన్ని ముందు వరసలోకి, వెలుతురులోకి తెండి. అప్పుడూ ఎవరూ ముట్టుకోకపోతే చేయడం మానేయండి. ముట్టుకుని పెట్టేశారంటే చేతిలోకి వచ్చాక ఏదో అడ్డం పడింది. అది ధర కావచ్చు, బరువు కావచ్చు, కుట్టులో లోపం కావచ్చు, వాళ్లు వెతికినది లేకపోవడం కావచ్చు. మీకు ఎక్కువ నేర్పేది ఈ మధ్య గడే.

నా లెక్కలో అరచేతంత చిన్న పుస్తకం వరసగా రెండు ప్రదర్శనల్లో ఈ మధ్య గడిలోనే ఎక్కువసార్లు పడింది. ధర ఎక్కువేమో అనుకుని తగ్గించబోయాను. మూడోసారి, పెట్టేసి వెళ్తున్న ఒకావిడను ఆపి, కొనమని కాదు, తెలుసుకోవాలని అడిగాను. “గీతల కాగితం ఉందేమోనని చూశానమ్మా” అంది. ధర జోలికి వెళ్లలేదు. ఆ వారమే సగం పుస్తకాలకు గీతల కాగితం మడవడం మొదలుపెట్టాను.